గవరయ్య సిక్ రాసిన బండి

రమాకుమారికి ఆ ఐదు నెలల్లో వచ్చినంత చిరాకు ముప్పై మూడేళ్ళ జన్మలో ఎప్పుడూ రాలేదు. కారు మీద కాదు. కారు పాపం, తుప్పు పట్టడం తప్ప ఏ నేరమూ ఎరగదు. చిరాకంతా కన్నతండ్రి గవరయ్య మీద.

ముందు కారు సంగతి చెప్పుకోవాలి. అరవయ్యేళ్ళ కిందట బెంగాల్లో, బడ్జ్ బడ్జ్ అనే ఊళ్ళో జనపనార మిల్లు మేనేజరుగా ఉన్న దొర ఒకడు ఓడ మీద తెప్పించుకున్న రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు అది. దొర పోయాడు, మిల్లు మూతపడింది, కారు చేతులు మారీ మారీ చివరికి భవానీపూర్ సందులో మృత్యుంజయ బాబు గ్యారేజీ వెనక టార్పాలిన్ కిందకి చేరింది. ఇరవయ్యేళ్ళు అక్కడే పడుంది. ఇంజిను ఎవడో ఎప్పుడో పీక్కుపోయాడు. సీట్లలో పిల్లులు ఈనేవి.

ఆ గ్యారేజీలో ఫోన్లు ఎత్తడానికి చేరింది రమ. పద్నాలుగేళ్ళు గడిచేసరికి అక్కడ అసలు మెకానిక్కు తనే అయింది. అయితే ఆ సంగతి కార్లు తెచ్చేవాళ్ళకి తెలీదు. వాళ్ళు ముందు గదిలో కుర్చీ వేసుక్కూర్చున్న మృత్యుంజయ బాబు మొహం చూసి కారు అప్పగించేవారు, ఆయన మొహం చూసే తిరిగి పట్టుకెళ్ళేవారు. లోపల ఒళ్ళంతా గ్రీజు పూసుకుని కారు కింద పడుకున్నది ఎవరో వాళ్ళకి పట్టదు. బాబుకి డెబ్భై దాటాయి, మోకాళ్ళు పోయాయి. గ్యారేజీ ఎవరికైనా వదిలేసి చందన్‌నగర్‌లో అక్కగారి దగ్గరకి వెళ్ళిపోవాలని చూస్తున్నాడు. సెల్‌ఫోన్ల దుకాణం పెడతానని ఒకాయన ఆ చోటు కోసం రోజూ వచ్చి టీ తాగి మరీ పోతున్నాడు.

"నాకివ్వండి దాదా," అని రమ అడిగింది. వాళ్ళిద్దరి మాటలూ ఎప్పుడూ బెంగాలీలోనే, ఆయన నోట రమ కాస్తా రొమా అయ్యేది.

"నీ చేతిపనికి వంక పెట్టను రొమా. కానీ నేను ఈ కుర్చీలోంచి లేచాక ఆడదాని గ్యారేజీకి కారెవడు తెస్తాడు? రెండు నెలల్లో తలుపులు మూస్తావు. మెకానిక్కు ఎవరని అడిగితే ఇప్పటికీ నన్నే చూపిస్తున్నావు కదా, నువ్వు."

ఆ మాట నిజం కావడమే రమకి ఒళ్ళు మండించింది. అప్పుడాయన సొరుగులోంచి ఒక కాయితం తీశాడు. బర్దమాన్ వైపు యుద్ధకాలం నాటి పాడుబడ్డ రన్‌వే ఒకటుంది. ఫిబ్రవరిలో దాని మీద పాతబళ్ళకి ఆరు గంటల పందెం పెడుతున్నారు. పాతికేళ్ళు దాటిన బండే తేవాలి. బండికీ సామాన్లకీ కలిపి వాళ్ళు చెప్పిన చిన్న మొత్తం దాటి ఖర్చు పెట్టకూడదు. ఎంత వేగంగా పోయావన్నది తరవాతి మాట. ఆరు గంటలయ్యాక ఊపే జెండాని సొంత ఇంజిను మీద దాటితే పూర్తి చేసినట్టు.

"ఆ ఎర్ర బండి తీసుకో. నీ చేత్తో కట్టిన బండి ఆ జెండా దాటితే ఫోటో తీసి గోడకి పెడతాను, బోర్డు మీద నీ పేరు రాయిస్తాను. ఫోటో చూసైనా జనం వస్తారు. దాటలేదా, సెల్‌ఫోన్లాయనకి మాట ఇచ్చేస్తాను."

ఇంతవరకూ బాగానే ఉంది. పాత కార్ల సామాన్లు అమ్మే మల్లిక్ బజార్లో వారం రోజులు తిరిగి ఒక అంబాసిడర్ ఇంజిను, పాత వ్యాను రేడియేటరు, ఎవడో వదిలించుకున్న గేర్‌బాక్సు పోగేసింది రమ. సరిగ్గా అప్పుడే టికియాపారాలో ఇంటి నుంచి తల్లి సన్యాసమ్మ ఫోను చేసింది.

"మీ నాన్న రిటైరయ్యి మూడు నెల్లే అయినాది, నాకు పిచ్చెక్కిపోతంది. గిన్నెలన్నీ సుత్తితో కొట్టి సూత్తన్నాడు. సొట్టున్న గ్లాసుల మీద సాక్‌పీసుతో ఏటో రాసి మూల పెడతన్నాడు. నీతో తీసుకుపోయే తల్లీ, నీకు దండవెడతాను."

గవరయ్య ముప్పై ఆరేళ్ళు టికియాపారా రైల్వే యార్డులో బోగీల చక్రాలు పరీక్ష చేసిన మనిషి. పొడవాటి సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి, మోత వినేవాడు. మోత బాగుంటే ముందుకి. బాగులేకపోతే బోగీ మీద సుద్దతో 'సిక్' అని, అంటే జబ్బు బండని, రాసేవాడు. ఆయన సిక్ రాసిన బోగీని కదపడానికి ఎవరికీ వీల్లేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ సుత్తి వదల్లేదు.

గ్యారేజీకి వచ్చిన మొదటి రోజే ఎర్ర కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, నాలుగు చక్రాలూ కొట్టి, నాలుగింటి మీదా సిక్ రాసి కూర్చున్నాడు.

"ఏటి నాన్నా ఇది?"

"ఒక్క సక్రమూ మోగట్లేదమ్మీ."

"రబ్బరు టైర్లు. రబ్బరెలా మోగుద్ది?"

"మోగని సక్రాన్ని నాను పంపను."

రమ గుడ్డ తీసుకుని తుడవబోయింది. గవరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. రాసినవాడే తుడవాలట, అది రూలట. అది రైల్వే రూలు, ఇది భవానీపూర్ అని రమ మొత్తుకుంది. రూలంటే రూలేనన్నాడు. చక్రాలు విప్పి, టైర్లు ఊడదీసి, ఉత్త ఇనుప రింగులు మోగించి వినిపించాక గానీ ఆయన సుద్ద తుడవలేదు. అరపూట గంగపాలు.

అలా మొదలైంది. కారు తేలిక చేద్దామని రమ చాపలు, అద్దాలు, బంపర్లు పీకి పారేస్తుంటే, ఆయన వెనకనుంచి వచ్చి ఇక్కడొక ఇనుప పట్టీ, అక్కడొక ఇనుప పట్టీ బిగిస్తాడు. ప్రతి బోల్టుకీ చివర బెజ్జం పెట్టి స్ప్లిట్ పిన్ను గుచ్చి వంచుతాడు, నట్టు వదులు కాకుండా. చక్రాల బోల్టులకి కూడా. పందెంలో చక్రం మార్చాలంటే రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఈయన పిన్నులన్నీ లాగి చక్రం ఊడదీసేసరికి రమకి పదకొండు నిమిషాలు పట్టింది, చేతి గోరూ విరిగింది. ఆయన అన్నం తింటుంటే రమ పిన్నులు పీకేది. ఆవిడ టీకి వెళ్తే ఆయన మళ్ళీ గుచ్చేవాడు. మృత్యుంజయ బాబు కుర్చీలోంచి ఇదంతా చూసి కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వేవాడు, ఆయనదేం పోయింది.

పోనీ మనిషికి పని రాదా అంటే, అదీ కాదు. కారు బోల్తా పడ్డా మనిషికి దెబ్బ తగలకుండా లోపల గొట్టాల పంజరం ఒకటి ఉండాలని పందెం రూలు. గవరయ్య మూడు రోజుల్లో గొట్టాలు వంచి, అతికి, నిలబెట్టాడు. రమ టార్చి వేసి అతుకు అతుకూ వెతికింది. ఒక్క వంకా దొరకలేదు. తిట్టడానికి అది కూడా లేకపోవడం ఇంకా చిరాకేసింది.

బండి నడపడానికి ఇద్దరు కావాలి. ఒకరు రమ. రెండోవాడు చంటి, టికియాపారాలో వాళ్ళ పక్కింట్లో ఉండే ట్యాక్సీ డ్రైవరు. రమని అప్పా అని పిలుస్తాడు, అక్కా అన్నట్టు, చిన్నప్పటి నుంచీ. పందెం అనగానే ఎగిరి గంతేశాడు. బండి ఎలా ఉంది, ఏం పెట్టారు, ఏదీ అడగలేదు. "నువ్వు కట్టినావు కదప్పా," అన్నాడు, అంతే.

ఫిబ్రవరి ఆదివారం ఉదయం తొమ్మిదికి ఇరవై మూడు బళ్ళు బయల్దేరాయి. మొదటి గంటలోనే ఆరు చచ్చాయి. ఒకదానికి రేడియేటరు పేలింది, ఇంకోదానికి గేర్లు పొడైపోయాయి. ఎర్ర కారు మటుకు నింపాదిగా, పదిహేనో స్థానంలో తిరుగుతోంది. రూలు ప్రకారం ఒక మనిషి మూడు గంటలకి మించి నడపకూడదు. రమ తన మూడు గంటలూ మధ్యలో నడిపేసి, చెమటలు కక్కుకుంటూ దిగింది. మిగిలిందంతా చంటిదే.

బండి పెట్రోలుకి ఆగినప్పుడల్లా గవరయ్య సుత్తి పుచ్చుకుని కిందకి దూరేవాడు. కొట్టేవాడు, వినేవాడు, తలూపి బయటికొచ్చేవాడు. పక్క బళ్ళవాళ్ళు ఫోన్లు తీసి వీడియోలు పట్టుకున్నారు. రమ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీక పెట్రోలు డబ్బా వైపు చూస్తూ నిలబడేది.

పందెం మొదలై ఐదు గంటల ఇరవై నిమిషాలైంది. చంటి ఆఖరిసారి పెట్రోలుకి వచ్చాడు. ఇంక నలభై నిమిషాలు తిరిగితే గ్యారేజీ రమది. పెట్రోలు పోస్తున్నారు. గవరయ్య ముందువైపు ఎడమ చక్రం లోపల ఉన్న ఇరుసు మొన మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి కొట్టి, బయటికి వచ్చి, బానెట్టు మీద సుద్దతో సిక్ అని రాశాడు.

రమకి ఒక్క క్షణం కళ్ళు కనబడలేదు.

"నాన్నా. ఇప్పుడు కాదు."

"పొద్దుట మోగినట్టు మోగట్లేదు. ఇరుసులో పగులుంది."

రమ సుత్తి లాక్కుని తనే కొట్టింది. ఎడమవైపు కొట్టింది, కుడివైపు కొట్టింది. ఆవిడకి రెండూ ఒక్కలాగే వినిపించాయి. ఆ మాటే చెప్పింది.

"నీకు వినబడదు. నాకు వినబడతంది."

మృత్యుంజయ బాబు కర్ర పొడుచుకుంటూ దగ్గరకి వచ్చాడు. "ఏం కాదు రొమా, నలభై నిమిషాలే కదా. పంపించెయ్." పెట్రోలు మూత బిగించేశారు. చంటి సీట్లో బెల్టులన్నీ కట్టుకుని, హెల్మెట్టులోంచి వీళ్ళ వైపే చూస్తున్నాడు. ఇంజిను అప్పుడే స్టార్టు చేసేశాడు.

"తుడువు నాన్నా. ఐదు నెలలు నీతో పడ్డాను. ఇంక నా వల్ల కాదు. తుడువు."

గవరయ్య అరవలేదు. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"మా యార్డులో సిక్ రాసిన బండిని ఆపీసరు పంపాలనుకుంటే పంపొచ్చు. బండి సిక్కని తెలిసీ నానే పంపుతున్నానని రాసి సంతకం పెట్టాల. నువ్వే ఇక్కడ ఆపీసరువి. పెట్టీ, నాను పక్కకి పోతాను."

"ఇన్నేళ్ళలో ఎంతమంది పెట్టారు?"

"పెన్ను పట్టుకున్నోళ్ళు శానామంది. పెట్టినోడు లేడు."

రమ పెన్ను లాక్కుంది. కోపం అంత ఉంది మరి. పుస్తకం తెరిచి బానెట్టు మీద పెట్టింది. ఆ సీట్లో ఉన్నది తనే అయితే ఈపాటికి సంతకం పెట్టి, పుస్తకం ఆయన మొహాన కొట్టి, వెళ్ళిపోయేది. కానీ తన మూడు గంటలూ అయిపోయాయి. సీట్లో ఉన్నది చంటి.

"అప్పా, ఎల్లిపోనా?" అని అడిగాడు చంటి. గవరయ్యని అడగలేదు, బాబుని అడగలేదు. తనని అడిగాడు. ఎల్లమంటే వెళ్ళిపోతాడు, ఇంకో మాట లేకుండా.

రమ పెన్ను పట్టుకుని అలాగే నిలబడింది. ఆ తండ్రిని కన్న తల్లి మీద కూడా కోపం వచ్చింది. తరవాత వంగి ఇంజిను ఆపేసింది.

"దిగరా."

చక్రం ఊడదీశారు. చక్రాన్ని ఇరుసుకి పట్టించే హబ్బు వేడికి పట్టుకుపోయి ఒక పట్టాన రాలేదు. అది లాగేసరికి పద్దెనిమిది నిమిషాలు. రమ ఇరుసుని పెట్రోలుతో కడిగి, కిరసనాయిలు పూసి, కాసేపాగి పొడిగా తుడిచి, దాని మీద సుద్దపొడి చల్లింది. పగులుంటే అందులో దూరిన కిరసనాయిలు మెల్లిగా పైకి ఊరి, తెల్లటి సుద్దలో నల్ల గీత తేలుతుంది. రైల్వేలోనైనా భవానీపూర్లోనైనా ఇది అందరికీ తెలిసిన పరీక్షే. అందరూ వంగి చూస్తున్నారు. ఐదు నిమిషాలైంది. ఎనిమిదైంది.

సుద్ద తెల్లగానే ఉంది.

ఇంకోసారి చేసింది, ఈసారి ఇంకా జాగ్రత్తగా. అప్పుడూ తెల్లగానే ఉంది. ఇరుసులో ఎక్కడా ఏమీ లేదు. రమ బేరింగు ఎక్కించి, హబ్బు తొడిగి, చక్రం బిగించడం మొదలుపెట్టింది. చేతులు ఎంత తొందరగా ఆడించినా ఆ మధ్యలోనే అవతల జెండా ఊపేశారు. చంటి ఇంజిను స్టార్టు చేసేసరికి జెండా ఊపి నాలుగు నిమిషాలైంది. అప్పటికి దారి మూసేశారు.

"నా సెవి తప్పినాదమ్మీ," అన్నాడు గవరయ్య. ముప్పై ఆరేళ్ళలో ఆయన నోటమ్మట ఎవరూ వినని మాట అది.

"నా గ్యారేజీ పోయింది నాన్నా," అంది రమ. "నీ చెవి వల్ల పోయింది. ఇంక నువ్వు నా పనిలోకి రాకు."

ఆయన సుత్తి సంచిలో పెట్టుకుని కారుని వేసుకెళ్ళే లారీ ఎక్కి వెనక కూర్చున్నాడు. రమ ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. అన్న మాటకి రమ బాధపడలేదు అనుకోకండి. పడింది, కానీ వెనక్కి తీసుకునే ఓపిక కూడా లేదు ఆవిడకి.

మృత్యుంజయ బాబు చెడ్డవాడు కాదు. కాకపోతే మాట మాటే అన్నాడు. సామాను తీసుకెళ్ళడానికి బుధవారం దాకా గడువిచ్చాడు.

బుధవారం పొద్దున్న రమ తన పనిముట్ల పెట్టె కోసం భవానీపూర్ వచ్చింది. పెట్టె బరువు, ఒక్కర్తీ మొయ్యలేదని సన్యాసమ్మ గవరయ్యని వెంట తోలింది. ఆయన నాలుగడుగులు వెనక నడుస్తున్నాడు, చేతులు ఊపుకుంటూ, సుత్తి లేకుండా. సందు మొదట్లోనే ఆగిపోవాల్సి వచ్చింది. ట్యాక్సీలు అడ్డంగా పెట్టేశారు. ఒకటి కాదు, నాలుగు. గ్యారేజీ గుమ్మంలో గొడవ.

"ఇదిగో, వచ్చింది," అన్నాడు మృత్యుంజయ బాబు విసుగ్గా, రమని చూసి. "గంట నుంచి చెప్తున్నాను వీళ్ళకి, బళ్ళు లోపల పెట్టండి, నేను చూస్తాను అని. వినరు."

ముందు నిలబడ్డ డ్రైవరు పేరు పోలయ్య. బడ్జ్ బడ్జ్ నుంచి తెల్లారగట్ల బయల్దేరి వచ్చాడట. రమ ఎప్పుడూ చూసిన మనిషి కాదు. అతను రమకి దండం పెట్టి, బాబు వైపు తిరిగి బెంగాలీలో చెప్పాడు. "మీరు మంచోరే దాదా. కానీ మీరు చూస్తే ఏం కాదు, పో అంటారు. ఏ మెకానిక్కు దగ్గరకెళ్ళినా అదే మాట. నెల కిందట మా తమ్ముడికీ అలాగే చెప్పారు. బ్రేకులు పడక, ఇప్పటికీ మంచం మీదే ఉన్నాడు. చంటిని బండి దింపేసిన దీదీ ఎవరో ఆవిడే నా బండి చూడాలి. మా స్టాండులో అందరికీ చెప్పాడు చంటి. ఇంకా వస్తారు."

"ఆ ఇరుసుకి ఏమీ కాలేదయ్యా," అన్నాడు బాబు. "పగులూ లేదు, గిగులూ లేదు. ఉత్తినే దింపింది. పందెం పోగొట్టుకుంది."

"నేనూ అదే చెప్తున్నాను దాదా. బాగున్న ఇరుసుకే అంత పందెం వదిలేసి మనిషిని దింపేసిందంటే, బాగులేని బండి ఎక్కనిస్తుందా?"

మృత్యుంజయ బాబు కళ్ళజోడు సర్దుకున్నాడు. నాలుగు ట్యాక్సీల వైపూ చూశాడు. తరవాత ఫోను తీసి సెల్‌ఫోన్ల దుకాణం ఆయనకి చేశాడు. చోటు ఖాళీ లేదని చెప్పి, అవతలివాడు ఏదో అంటుండగానే పెట్టేశాడు. కర్ర ఊతంగా లేచి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"కూర్చో రొమా. బోర్డు రాసేవాడికి కబురు పెడతాను."

రమకి ఏడుపొచ్చింది. ఇంతమంది డ్రైవర్ల ముందు ఏడ్చిందంటే రేపు ఒక్కడు రాడు. వెనక్కి తిరిగి చూస్తే గవరయ్య పనిముట్ల పెట్టె చూపులతో వెతుక్కుంటున్నాడు, అది మోసేసి త్వరగా ఇంటికి పోదామని. రాకు అందిగా కూతురు, అందుకని గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేదు.

"ఏటలా బయట నిలబడిపోయావు నాన్నా?" అని కసిరింది రమ. "నాలుగు బళ్ళున్నాయి. నానొక్కర్తినే ఎలా సూడను? లోపలికి రా."